వ్రాతప్రతి లండను చేరుట: హైదరాబాదు నుండి వెడలిన రెండు వైద్యవ్యాసములు

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులోని బేగంపేటలో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా క్రిమి జాడను కనుగొనెనని మన పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. తాను చూచినదానిని అతడెట్లు వ్రాసెను, ఆ వ్రాతప్రతికి ఏమేమి జతపఱచెను, అది ఎవరి చేతిమీదుగా అచ్చునకెక్కెను అను ప్రశ్నలకు మాత్రము ఆ పుస్తకములలో సమాధానము దొరకదు. అంతకు ఎనిమిదేండ్లకు ముందు ఈ నగరమునుండియే మఱియొక వైద్యవిషయము లండను పత్రిక కెక్కి రెండు ఖండములలోను చర్చను లేపినది. ఈ రెండు వ్యాసములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, పరిశోధన వ్యాసమును సిద్ధపఱచుట యనగా నేమో ఏ నియమావళియు చెప్పలేనంత విశదముగా బోధపడును.

కాలక్రమమున మొదటిది క్లోరోఫారమునకు సంబంధించినది. 1847లో ఎడింబరోలో సింప్సను ఈ మత్తుమందును ప్రవేశపెట్టెను. మఱుసటి యేడు జనవరిలోనే దీనివలన ఒక బాలిక మృతి చెందినది. మరణము శ్వాస నిలుచుటవలన వచ్చునా, గుండె నిలుచుటవలన వచ్చునా యను వివాదము నాడే మొదలైనది. ఎడింబరో వారు ఊపిరిని గమనింపుడనిరి. లండనువారు నాడిని విడువవలదనిరి. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధ్యక్షుడును, రెసిడెన్సీ వైద్యుడును అగు ఎడ్వర్డు లారీ ఎడింబరో సంప్రదాయమున పెరిగినవాడు. అతడు 1888లో కుక్కలపై ప్రయోగములు జరిపించి, క్లోరోఫారమువలన గుండెకు నేరుగా అపాయము లేదని నిశ్చయించెను. లండనులోని 'లాన్సెట్' పత్రిక ఆ నిశ్చయమును శంకించినది. అంతట నిజాము ప్రభువు మీర్ మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, పత్రికవారే తమకు నమ్మకమైన నిపుణుని పంపవచ్చునని కోరిరి. పత్రికవారు లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధుని పంపిరి. అతడు 1889 చివర ఇచటికి వచ్చి లారీతో కలిసి పనిచేసెను.

ఇది పత్రికల చరిత్రలో అరుదైన సంగతి. శంకించిన సంపాదకవర్గము తన పరీక్షకుని సముద్రము దాటించి ప్రయోగశాలకే పంపుట, ఆ వ్యయమును శంకకు గుఱియైన పక్షమువారే భరించుట నేను మఱెక్కడను వినలేదు. వచ్చిన పరీక్షకుడు లారీ పక్షమునకే చేరెను. డిసెంబరులో 'లాన్సెట్' నందు బ్రంటన్ తంతివార్త యొకటి వెలువడినది. కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి 490 జంతువులపై పరీక్ష జరిగినదని, వానిలో 120 పరీక్షలయందు రక్తపు పోటును గీతగా చూపు యంత్రము వాడబడినదని, ఆ గీతలనెల్ల ఛాయాచిత్రములు తీసితిమని, అపాయమంతయు ఊపిరాడకపోవుటయందో మోతాదు మించుటయందో యున్నదే కాని గుండెకు నేరుగా నేమియు లేదని ఆ వార్త సారాంశము. సమగ్ర నివేదిక 1890లో భాగములుగా వచ్చినది. నిర్ణయము ముందు తంతిపై వచ్చి ఆధారములు పిమ్మట టపాలో వచ్చినవని పాఠకులు గమనింపవలెను. ఆధారము చూడకముందే ఫలితమునకు లోకము అలవాటు పడినది.

ఇక రాస్ సంగతి. పందొమ్మిదవ శతాబ్ది చివర మలేరియా క్రిమి దోమలో పెరుగునని పాట్రిక్ మాన్సన్ లండనులో ఊహించి, ఆ ఊహను 1894లో ప్రకటించెను. ఆ క్రిమినే తొలుత 1880లో అల్జీరియాలో లవేరాన్ చూచియుండెను. రాస్ 1895 నుండి మాన్సన్‌తో ఉత్తరములు నడపుచు దోమలను కోయుచుండెను. రెండేండ్లలో వందలకొలది దోమలను చీల్చినను ఫలము లేకపోయినది, ఏలయనగా అవి తగిన జాతివి కావు. 1897 వేసవిలో సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పు పట్టినవి. దోమలు ఎగిరిపోవునని పంకా లాగించుటకైనను వీలు లేకపోయినది. ఆగస్టు నడుమ రెక్కలపై మచ్చలు గల ఒక క్రొత్తజాతి దోమలు చేతికి చిక్కినవి. వానిని ఒక మలేరియా రోగిని కుట్టనిచ్చి, నాలుగవనాడొకదానిని, మఱునాడొకదానిని కోసి చూచెను. పొట్టగోడలో నల్లని రంగురేణువులు గల గుండ్రని కణములుండెను. రెండవ దోమలో అవి ఇంకను పెద్దవిగా నుండెను. ఆ రేణువులు రోగుల రక్తమునందలి మలేరియా క్రిములలో కనబడు రేణువులవంటివే.

ఈ వార్తను అతడు వ్యాసముగా వ్రాసిన రీతియే మన ప్రస్తుత విషయము. మొట్టమొదట శీర్షిక చూడుడు. మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కానవచ్చిన కొన్ని విలక్షణమైన రంగుకణములను గూర్చి యని దాని తాత్పర్యము. మలేరియా రహస్యము తెలిసినదని అందు లేదు. క్రిమి దొరకినదనియు లేదు. 'రెండు' అను సంఖ్య శీర్షికలోనే నిలిచినది. అది ఎంత స్వల్పమో దాచిపెట్టలేదు సరికదా, పాఠకుని కంటికి మొదట తగులునట్లు పెట్టినాడు. ఆ దోమజాతి శాస్త్రనామము అతనికి తెలియదు. తెలియనిదానికి పేరు కల్పింపక, రెక్కల మచ్చలను, పడవ ఆకారముగల గ్రుడ్లను వర్ణించి విడిచెను. పూర్వము చీల్చిన ఇతర దోమలలో ఇట్టి కణములు కానరాలేదను విషయమును చేర్చెను. ఈ వ్యతిరేక సాక్ష్యము లేనిచో రెండు దోమల మాటకు విలువ యుండెడిది కాదు.

పిమ్మట సాక్షులు. తన సహోద్యోగియగు సర్జన్ మేజర్ స్మిత్ ఆ కణములను తానును చూచితినని వ్రాసియిచ్చిన టిప్పణమును వ్యాసమునకు జతపఱచెను. గాజు పలకలపై భద్రపఱచిన నమూనాలను లండనులోని మాన్సన్‌కు పంపెను. మాన్సన్ వానిని పరీక్షించి తన అభిప్రాయమును వ్రాసెను. వ్యాసము, స్మిత్ టిప్పణము, మాన్సన్ వ్యాఖ్య 1897 డిసెంబరు 18వ తేదీ 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' సంచికలో ఒక్కచోట వెలువడినవి. వ్రాతప్రతిని అజ్ఞాత పరీక్షకులకు పంపుట నాటికి నేటివలె నిత్యవిధి కాదు. రచయితయే తన పరీక్షకులను తెచ్చుకొని, వారి పేర్లు బాహాటముగా అచ్చువేయించినట్లైనది.

తాళపత్ర ప్రతులతో పరిచయము గల మన శాఖలోని వారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. మంచి పరిష్కర్త తాను చూచిన ప్రతులెన్నియో, అవి ఎవరివద్దనున్నవో, ఏ పద్యము ఏ ప్రతిలో లోపించినదో పీఠికలో చెప్పును. రెండు ప్రతులే దొరకినచో రెండే యనును. పెక్కు ప్రతులు చూచితిమని మాత్రము చెప్పి పాఠమును స్థిరపఱచువాని మాటను మనము అనుమానించుచుందుము. రాస్ వ్యాసము మంచి పీఠికవలె నున్నది.

వ్యాసము అచ్చగునాటికి రాస్ సికిందరాబాదులో లేడు. మలేరియా అంతగా లేని రాజపుతానాలోని ఖేర్వారాకు అతనిని బదిలీ చేసిరి. మాన్సన్ ప్రయత్నమువలన 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియాపై పనిచేసి, ఆ యేడు జూలైలో దోమ లాలాజలగ్రంథులవఱకు క్రిమి దారిని గుర్తించెను. అదే సంవత్సరాంతమున రోములో గ్రాస్సీ, బిన్యామి, బాస్తియనెల్లి అనువారు మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ దోమ వ్యాపింపజేయునని నిరూపించిరి. ఎవరు ముందు అను కలహము చిరకాలము సాగినది. రాస్ దోమజాతిని సరిగా గుర్తింపలేదని గ్రాస్సీ పక్షము వాదించినది. ఆ ఆక్షేపణలో కొంత న్యాయము లేకపోలేదు. కాని డిసెంబరు 18 అను తేదీ అచ్చులో నుండెను. 1902లో నోబెలు బహుమానము రాస్‌కు వచ్చినది, గ్రాస్సీకి రానేలేదు.

నేడు వ్యాసము పంపువారికి ముద్రిత నియమములు కలవు. 1978లో కొందఱు వైద్యపత్రికల సంపాదకులు కెనడాలోని వాంకోవరు నగరమున సమావేశమై వ్రాతప్రతులకు ఏకరీతి నియమములు కూర్చిరి. అవి మఱుసటి యేట ప్రకటితమై పలుమాఱులు సవరింపబడినవి. ఉపోద్ఘాతము, పద్ధతులు, ఫలితములు, చర్చ అను విభాగక్రమము సర్వసామాన్యమైనది. పరిశోధనకు ధనమిచ్చినవారెవరో తెలుపవలెను. రోగులపై జరుపు ప్రయోగమును ముందుగనే నమోదు చేయవలెనని 2005 నుండి ఆ సంపాదకులు నిర్బంధించిరి. ధనమిచ్చినవారి పేరు చెప్పు విషయమున హైదరాబాదు సంఘమును తప్పుపట్టుటకు వీలులేదు. నిజాము దాతృత్వము లోకవిదితము.

ఆ సంఘము నివేదికకు పట్టిన గతి ఇంకను చెప్పవలసియున్నది. లారీ తన నిశ్చయమును జీవితాంతము విడువలేదు. వేలకొలది రోగులకు క్లోరోఫారమిచ్చియు మరణమును చూడలేదను అనుభవము అతనికి బలమైన అండ. అతడే లవేరాన్ క్రిమి యున్నదనుటను నమ్మనివాడనుట, రాస్ అతని నగరముననే దానిని దోమలో వెదకుచుండెననుట వింతయైన సంగతి. హైదరాబాదు ప్రయోగములలో లోపము జంతువుల సంఖ్యలో లేదు, ప్రశ్నలో నున్నది. మోతాదు పెంచుచు పోయిన జంతువు ఊపిరి నిలిచి చచ్చును. దానివలన మోతాదు మించినప్పుడు ఏమగునో తెలియును గాని, మత్తు తేలికగా నున్నప్పుడు గుండెకేమగునో తెలియదు. శస్త్రవైద్యశాలలో ఆకస్మికముగా మరణించినవారిలో అనేకులు మత్తు ఇంకను ముదురకమునుపే పోయినవారు. 1911లో గుడ్‌మన్ లెవీ లండనులో పిల్లులపై ప్రయోగము చేసి, తేలికపాటి క్లోరోఫారము మత్తులో గుండె దిగువ గదులు అదరుచు లయ తప్పి హఠాత్తుగా నిలిచిపోవునని చూపెను. ఇరువది యేండ్లకు పైగా నాడిని చూడనవసరము లేదని బోధించిన వైద్యులు మరల నాడిపై వ్రేలుంచసాగిరి.