పాత పనిముట్టును చదవడం: ఖరగ్‌పూర్ బీటరు నుంచి పులాస్కీ గొడ్డలి వరకు

ఒక పనిముట్టుకు రెండు తలలు ఎందుకు ఉంటాయి? ఈ ప్రశ్నతో మన పాఠాన్ని ప్రారంభిద్దాం. రైలు పట్టాల కింద కంకర సర్దే గ్యాంగ్‌మన్ చేతిలో బీటరు ఉండేది. దానికి ఒక వైపు కోసుగా ఉండే పికాసు మొన, రెండో వైపు టి అక్షరం ఆకారంలో మొద్దుగా ఉండే తల. అమెరికా అడవుల్లో మంటలార్పే సిబ్బంది చేతిలో పులాస్కీ ఉంటుంది. దానికి ఒక వైపు గొడ్డలి, రెండో వైపు మన వడ్రంగి బాడిసను పోలిన అడ్డ పలక. ఈ రెండూ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు అవసరాలకు తయారైనవి. అయినా కారణం ఒక్కటే. పని జరిగే చోటికి మనిషి నడిచి వెళ్ళాలి, సామాను భుజాన మోసుకుపోవాలి. రెండు పనిముట్లకు బదులు ఒకటి చాలితే మోత తగ్గుతుంది, సమయం కలిసి వస్తుంది.

ఇటువంటి పాత పనిముట్టు మీ కంటబడితే దాని మంచి చెడ్డలు ఎలా తెలుసుకోవాలి? అది ఏ కాలం నాటిదో ఎలా పోల్చుకోవాలి? ఈ పాఠంలో ఆ సంగతులు చూద్దాం. కాగితం మీది చరిత్రను చదవడం మీకు బడిలో నేర్పారు. ఇనుము మీది చరిత్రను చదవడం ఇక్కడ నేర్చుకుందాం.

పట్టాలతో పుట్టిన ఊరు

ఉదాహరణకు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను తీసుకుందాం. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సంస్థ ఏర్పడింది. 1890ల చివరలో దాని దారులు ఖరగ్‌పూర్ వద్ద కలిశాయి. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ్ నది మీద వంతెన పూర్తి కావడంతో ఊరికి హౌరాతో నేరుగా సంబంధం ఏర్పడింది. జంక్షన్ చుట్టూ పెద్ద కర్మాగారం వెలసింది, కార్మికుల నివాసాలు వెలిశాయి.

ఇక్కడికి తెలుగువారు ఎలా వచ్చారు? తూర్పు తీరం వెంట వేసిన రైలు మార్గంలో కటక్ వరకు ఉన్న ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దక్షిణాన వాల్తేరు, ఈశాన్యాన ఖరగ్‌పూర్ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కూలికీ, కొలువుకీ జనం అదే రైలెక్కి తరలి వెళ్ళారు. కొందరు కర్మాగారంలో చేరారు. కొందరు పట్టాల మీద గ్యాంగ్ పనిలో చేరారు. మథురాకాటి, నింపురా వంటి పేటల్లో తెలుగు ఇళ్ళు వెలిశాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. అందుకు ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్య కారణం.

ఈ కార్మికుల చరిత్రలో పోరాటం కూడా ఉంది. 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘ నాయకులలో వి.వి. గిరి ఒకరు. ఆయనే 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు. సమ్మెల గురించి పుస్తకాల్లో కొంతైనా రాశారు. రోజువారీ పని గురించి రాసినది చాలా తక్కువ. ఆ పనికి మిగిలిన సాక్ష్యాలలో పనిముట్టు ఒకటి.

బీటరు చెప్పే సంగతి

రైలు వెళ్ళినప్పుడల్లా స్లీపరు కింది కంకర కొంచెం కొంచెంగా జారుతుంది. పట్టా కుంగుతుంది. కుంగిన చోట స్లీపరు కిందికి కంకరను మళ్ళీ గట్టిగా కూరాలి. బీటరు చేసే పని అదే. కోసు మొనతో గట్టిపడిన కంకరను కదిలిస్తారు. మొద్దు తలతో దాన్ని స్లీపరు కిందికి కొడతారు.

ఇందులోని విజ్ఞానం గమనించండి. బలం ఒకటే అయినా అది పడే వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుంది. అందుకే కోసు మొన రాళ్ళ మధ్యకు దూరుతుంది. మొద్దు తల వైశాల్యం ఎక్కువ. అది రాయిని పగలగొట్టకుండా ముందుకు నెడుతుంది. ఒకే దెబ్బకు రెండు రకాల ఫలితం రాబట్టడానికే ఆ రెండు తలలు.

ఈ పనికి రైల్వే నియమాలు పద్ధతిని నిర్దేశించాయి. నలుగురు మనుషులు ఒక్కో స్లీపరును వరుసగా చూసుకోవాలి. పట్టా ఆనే చోట ఇద్దరేసి వీపు వీపు చేసి నిలబడి, ఎదురెదురు మూలల నుండి ఒకేసారి కొట్టాలి. బీటరును ఛాతీ ఎత్తు వరకు ఎత్తాలి. దెబ్బ దాదాపు అడ్డంగా పడాలి. స్లీపరు అంచుకు తగలకూడదు. ఇద్దరి దెబ్బలూ ఒక్క లయలో పడకపోతే ఒకరు కొట్టిన కంకర రెండో వైపుకు జారిపోతుంది. దీన్ని బట్టి గ్యాంగ్ పని కేవలం కండబలం కాదనీ, జట్టుగా అభ్యసించిన నైపుణ్యమనీ అర్థమవుతుంది.

తర్వాతి కాలంలో కాంక్రీటు స్లీపర్లు వచ్చాయి. బీటరు దెబ్బకు వాటి అంచులు దెబ్బతింటాయి. కంకర కూరే పనిని పెద్ద యంత్రాలు చేపట్టాయి. గ్యాంగ్‌మన్‌ను నేడు ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు. బీటరు క్రమంగా మూలకు చేరింది.

నిప్పు, రైలు, అడవి

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం. 1910 ఆగస్టు 20, 21 తేదీలలో ఐడహో, మోంటానా రాష్ట్రాల అడవుల్లో మహా అగ్నికాండ జరిగింది. రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 80 మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువ మంది మంటలార్పడానికి వెళ్ళినవారే. ఆ వేసవిలో అక్కడ రగిలిన మంటల్లో కొన్ని ఆవిరి ఇంజన్ల నిప్పురవ్వల వల్ల పుట్టినవి. ఎడ్వర్డ్ పులాస్కీ అనే అటవీ అధికారి దాదాపు 45 మందిని ఒక పాత గని సొరంగంలోకి నడిపించి, వారిలో అత్యధికుల ప్రాణాలు కాపాడాడు. కొలిమి పని తెలిసిన ఆయన ఆ తర్వాత గొడ్డలినీ, బాడిస పలకనూ ఒకే తలగా కలిపిన పనిముట్టును తీర్చిదిద్దాడు. అటువంటి జోడు పనిముట్లు అంతకుముందూ ఉన్నాయి. కానీ అడవి పనికి సరిపడేలా దాన్ని మలిచి వాడుకలోకి తెచ్చింది ఆయనే కాబట్టి ఆయన పేరే నిలిచింది.

అడవి మంటను ఆ పనిముట్టుతో ఎలా ఆపుతారు? మంటకు ఇంధనం, గాలి, వేడి మూడూ కావాలి. నీళ్ళు లేని కొండల్లో ఇంధనాన్ని తొలగించడమే మార్గం. గొడ్డలితో పొదలూ వేర్లూ నరికి, బాడిస పలకతో ఆకు చెత్తను గీకి, మట్టి కనబడేలా ఒక బాటను తీస్తారు. మంట ఆ బాట దగ్గరకు వచ్చి ఆకలితో ఆగిపోతుంది. అడవిలో కాలిబాటలు తీయడానికి కూడా అదే పనిముట్టు వాడతారు.

ఖరగ్‌పూర్ పరిసరాల్లోని సాల వృక్షాల అడవుల్లోనూ ఎండాకాలానికి ముందు ఆకులు రాలి పరుచుకుంటాయి. అక్కడ కూడా ఆకు ఊడ్చి అగ్ని నిరోధక బాటలు తీయడమే రక్షణ. అదే మేదినీపూర్ ప్రాంతంలోని అరాబరీలో 1970ల తొలినాళ్ళలో అటవీ అధికారి ఎ.కె. బెనర్జీ గ్రామస్థులకు అడవి ఆదాయంలో వాటా ఇచ్చి, అడవి కాపలాలో భాగస్వాములను చేశారు. మంచి పనిముట్టు ఎంత అవసరమో, దాన్ని పట్టుకునే చేతికి అడవి మీద హక్కు ఉండడమూ అంతే అవసరమని ఆ ప్రయోగం నిరూపించింది.

మంచి పాత పనిముట్టును ఎంచుకోవడం

ఇక ఎంపికకు వద్దాం. మీరు సంతలోనో, పాత సామాన్ల దుకాణంలోనో ఒక బీటరునో, పికాసునో, గొడ్డలినో చూశారనుకోండి. ఈ క్రమంలో పరీక్షించండి.

మొదట గుర్తులు చూడండి. తుప్పును మెత్తని బ్రష్షుతో తుడిస్తే అక్షరాలు బయటపడవచ్చు. రైల్వే సంస్థలు తమ సామాను మీద తమ అక్షరాలు కొట్టించడం వాడుక. బి.ఎన్.ఆర్. అని ఉంటే అది పాత సంస్థ కాలం నాటిది. 1944లో ఆ రైల్వే ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. 1952లో ఈస్టర్న్ రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్ రైల్వే విడిగా ఏర్పడింది. ఎస్.ఇ.ఆర్. అని ఉంటే అది 1955 తర్వాతి వస్తువు. ఇక ఉక్కు సంగతి. జంషెడ్‌పూర్‌లో టాటా కర్మాగారం 1912లో ఉక్కు తీయడం మొదలుపెట్టింది. అక్కడే తయారైన టాటా అగ్రికో పనిముట్లు 1920ల నుండి వాడుకలో ఉన్నాయి. ఆ గుర్తు కనిపిస్తే అది విదేశీ సరుకు కాదని తేలిపోతుంది.

రెండోది కన్ను. కామ దూర్చే రంధ్రాన్ని కన్ను అంటాం. పికాసు, బీటరు వంటి వాటిలో కన్ను పై వైపు వెడల్పుగా, కింది వైపు ఇరుకుగా ఉంటుంది. కామను పై నుంచి దించుతారు. ఊపిన కొద్దీ తల బయటికి జరగాలని చూస్తుంది, లావాటి కామ కొన దాన్ని బిగిస్తుంది. పులాస్కీలో, గొడ్డలిలో కామను కింది నుంచి ఎక్కించి పైన చెక్క మేకు దిగగొడతారు. కన్ను చుట్టూ పగులు ఉన్నా, సుత్తి దెబ్బలకు కన్ను వంకరపోయినా ఆ తలను వదిలేయండి. దాన్ని బాగుచేయడం తేలిక కాదు.

మూడోది శబ్దం. కామ లేని తలను తాడుతో వేలాడదీసి చిన్న ఇనుప ముక్కతో తట్టండి. గంటలా ఖంగున మోగితే లోపల పగులు లేదని చాలావరకు నమ్మవచ్చు. బొంగురుగా మోగితే అనుమానించండి. కంపన తరంగం పగులు దగ్గర చెదిరిపోవడమే ఇందుకు కారణం.

నాలుగోది పదును పట్టిన ఉక్కు. అంచు మీద ఆకురాయి నడపండి. కొంచెం కష్టపడి కోస్తే మంచిది. సీసం కోసినట్లు సులువుగా కోస్తే ఉక్కు మెత్తబడింది. గాజు మీద జారినట్లు జారిపోతే అది పెళుసు. అంచు మీద నీలిరంగు మచ్చ కనిపిస్తే ఎవరో సానయంత్రం మీద పెట్టి వేడెక్కించారని గ్రహించండి. ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు ఆ రంగు వస్తుంది. మంటల్లో పడిన తలకు ఇంతకన్నా ఎక్కువ నష్టం జరిగి ఉంటుంది. పదును అంచు దగ్గర కొద్ది మేరే పట్టి ఉంటుంది కాబట్టి బాగా అరిగి పొట్టిదైన అంచు, ఎంత పాతదైనా, పనికి మంచిది కాదు.

ఐదోది తుప్పు, దెబ్బలు. పై పై ఎర్ర తుప్పు నష్టం చేయదు. అంచు దగ్గర లోతైన గుంటలు పడితే అక్కడి నుంచే ముక్క విరుగుతుంది. దెబ్బ పడే తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచుల నుంచి పెచ్చులు ఎగిరి కంట్లో పడతాయి. దాన్ని ఆకురాయితో తీసేయనిదే వాడకూడదు.

ఆరోది కామ. కామ చివరను చూడండి. చెక్కలోని గీతలు దెబ్బ పడే దిశకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే కామ విరుగుతుంది. గీతలు మధ్యలో పక్కకు జారిపోకూడదు. మన ప్రాంతాల్లో తిరుమాను, తుమ్మ చెక్కలను ఈ పనికి వాడుతూ వచ్చారు. రంగు పూసిన కామను నమ్మవద్దు. రంగు కింద పగులు దాగి ఉండవచ్చు.

చివరిది బరువు. బరువైనదే మంచిదని చాలామంది అనుకుంటారు. గతిజశక్తి సూత్రాన్ని గుర్తు చేసుకోండి. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. మీరు సాయంత్రం దాకా వేగంగా ఊపగలిగిన బరువే మీకు సరైన బరువు.

కొనే ముందు ఒక హెచ్చరిక

రైల్వే అక్షరాలున్న వస్తువు చరిత్రకు ఎంత విలువైనదో చట్టానికీ అంత ముఖ్యమైనది. 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం ప్రకారం దొంగిలించిన రైల్వే సొత్తు దగ్గర ఉంచుకుంటే మొదటి నేరానికే ఐదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. రైల్వే తుక్కు వేలంలో కొన్నట్లు రసీదు చూపని అమ్మకందారు దగ్గర అటువంటివి కొనవద్దు. చూడాలనుకుంటే హౌరా స్టేషన్ దగ్గర 2006లో తెరిచిన రైల్వే మ్యూజియం వంటి చోట్లకు వెళ్ళండి.

ఇంకొక మాట. పాతది అన్నంత మాత్రాన మంచిది కాదు. ఊపినప్పుడు తల ఊడి ఎగిరితే పక్కనున్న మనిషి ప్రాణం పోతుంది. పైన చెప్పిన పరీక్షల్లో ఒక్కటి తప్పినా ఆ పనిముట్టును గోడకు తగిలించి గౌరవించండి, చేత పట్టకండి. గోడ మీద ఉన్నా అది చెప్పేది చెబుతూనే ఉంటుంది. ఒక వైపే అరిగిన మొన అది పట్టిన చేతివాటాన్ని చెబుతుంది. మళ్ళీ మళ్ళీ సాగగొట్టిన కోసు, కొత్తది దొరకని రోజులను చెబుతుంది. కామ మీద నున్నబడిన చోటు ఆ మనిషి అరచేతి వెడల్పును చెబుతుంది. రైల్వే రికార్డుల్లో ఆ మనిషి కూలి రేటు దొరకవచ్చు కానీ అతని చేతి గుర్తు మాత్రం దొరకదు.

మీరు చేయవలసిన పని

1. మీ ఇంట్లోనో, ఊళ్ళోనో ఉన్న ఒక పాత పనిముట్టును తీసుకుని పై ఏడు అంశాలలో ఒక్కొక్కదాని గురించి రెండు వాక్యాలు రాయండి.

2. దాన్ని వాడినవారు జీవించి ఉంటే దానిలోని ప్రతి భాగాన్నీ వారు ఏ పేరుతో పిలిచేవారో అడిగి రాసుకోండి. ఖరగ్‌పూర్ వంటి ఊళ్ళలో ఒకే భాగానికి తెలుగు, బెంగాలీ, హిందీ పేర్లు మూడూ దొరకవచ్చు.

3. రెండు తలలున్న మరో పనిముట్టును గుర్తించి, ఆ రెండింటినీ ఎందుకు కలిపారో వివరించండి.