గాలికి నిలిచిన చుట్టిల్లు

దివిసీమలోని నాగాయలంకనుండి వచ్చిన బాల్యమిత్రుని వెంటబెట్టుకొని, చెన్నపట్టణమునకు దక్షిణముగా మహాబలిపురపు బాటలో ముట్టుకాడునందున్న దక్షిణచిత్రకు పోయితిని. 1996లో ప్రజలకొఱకు తెఱవబడిన ఆ ప్రదర్శనశాలలో, దక్షిణదేశపు పల్లెలయందు కూలిపోనున్న పాతయిండ్లను కొని, దూలము దూలముగా ఊడదీసి తెచ్చి, మరల నిలువబెట్టినారు. తమిళ మలయాళ గృహముల గాంభీర్యమునకు తలయూచుచు నడచిన నా మిత్రుడు, విశాఖమండలమునందలి హరిపురపు చుట్టిల్లు కనబడగానే ఆగిపోయెను. చూరుక్రింద వంగి, తాటికమ్మల కట్లను వ్రేళ్లతో తడవి చూచి, "మా తాతగారిల్లూ ఇట్లాగే ఉండేదిరా, చూరు ఇంకా కిందికి దిగేది" అనెను.

చూరు క్రిందికి దిగుట అలంకారము కాదు. తాళవృక్షములను పెకలించు గాలికి పట్టు దొరకకుండ గోడను గుండ్రముగా పెట్టి, ఆ గోడ మొగమైనను గాలికి కనబడకుండ కప్పును నలుదెసల గొడుగువలె వాల్చిరి. వాసములన్నియు నడినెత్తిన నొక్కచోట కూడియుండుటచేత, ఏ దిక్కునుండి తాకిడి వచ్చినను అవి యన్నియు దానిని పంచుకొనును. మట్టిని త్రొక్కి, ఒక వరుస ఆరినపిమ్మట మఱియొక వరుస పెట్టి గోడ లేపెడివారు. ఇక దూలము తాడిదే, వాసము తాడిదే, పైకమ్మ తాడిదే, కట్టిన నార తాడిదే. తొలకరికి ముందు కప్పు నేయించుట ఇంటింట జరుగవలసిన కార్యము. ఇరుగుపొరుగువారు చేయి కలిపెడివారు, ఇంటివారు వారికి అన్నము పెట్టెడివారు. అమరావతి శిల్పులు తమ ఫలకములయందు మునుల పర్ణశాలలను గుండ్రముగా చెక్కియుండుటను చూచినపుడు, ఈ కృష్ణాతీరమున ఈ రూపమెంత ప్రాచీనమో యని నాకు ఒడలు పులకరించును.

అయితే గాలికి చెప్పిన ఈ సమాధానము నీటికి చాలదు. 1605లో ఒలందావారు దిగి, 1611లో ఆంగ్లేయులు వర్తకశాల పెట్టిన బందరులో కోటయు, సున్నముతో ఇటుకతో కట్టిన మేడలును లేకపోలేదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి సముద్రమే పట్టణముమీదికి వచ్చినపుడు, ఆ మేడలకును బెస్తవారి పాకలకును ఉప్పెన తారతమ్యము చూపలేదు. ముప్పదివేల ప్రాణములు పోయినవని లెక్కకట్టిరి. బందరు మరల తన పూర్వవైభవమును చూచుకొనలేదు.

మెరకనున్న గుడివాడ ప్రాంతపు కథ వేఱు. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట, కాలువనీరు పాఱిన పొలములనుండి వచ్చిన ధాన్యమే క్రమముగా ఎత్తైన అరుగులై, బర్మాటేకు స్తంభములై, పెంకుటికప్పులై, మండువాలోగిళ్లుగా నిలిచినది. నాలుగు వసారాల నడుమ ఆకాశమునకు తెఱచిన మండువాలో, నలుదిక్కుల చూరులనుండి జాఱిన వర్షధార పడి తూముగుండ వీధి కాలువ చేరెడిది. వాన పడినంతసేపు ఇంటి ఆడువారు చూరుక్రింద గంగాళములు పెట్టి ఆ తేటనీటిని పట్టుకొనెడివారు. ధాన్యము ఇంటి ముంగిట గడ్డిత్రాటితో చుట్టిన పురిలో నుండెడిది. చుట్టిల్లు భయమునుండి పుట్టినదైనచో, మండువాలోగిలి భరోసానుండి పుట్టినది. ఆ భరోసా ఆనకట్టయొక్క చలువ యని నా దృఢవిశ్వాసము. ఇప్పుడా లోగిళ్లను వారసులు పంచుకొని విప్పుచున్నారు. స్తంభములును చెక్కడపు ద్వారబంధములును పాతకలప వర్తకులకు చేరుచున్నవి.

దివిసీమలో మాత్రము విప్పి అమ్ముకొనుటకు ఏమియు మిగులలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన లేచి, సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు గ్రామములమీదుగా పాఱినపుడు, గోడలు కరగి నీటిలో కలిసినవి, కప్పులు కొట్టుకొనిపోయినవి. పదివేలకు తక్కువ గాని జనము నశించిరి. నా మిత్రుని తాతగారి యిల్లు ఆనాడే పోయినది. తరువాత వచ్చిన సిమెంటు పైకప్పు ఇండ్లయందు వేసవిలో నిలువలేమని అతడనుట నిజమే. కాని తుఫాను రక్షణభవనములు లేచి, ముందుగా హెచ్చరించి జనమును తరలించుటవలన, 1990 మేలో కృష్ణా ముఖద్వారమునొద్దనే తాకిన ప్రచండ తుఫానులో మృతులు వేయికి లోపే. చుట్టిల్లు చల్లదనమును తలచుకొని ఈ భవనములను చిన్నచూపు చూచుట అన్యాయము.

కావున మన ప్రాంతపు గృహములకు ప్రదర్శనశాల కావలెనన్నచో, ముట్టుకాడులోవలె మండువాలోగిలిని చుట్టిల్లును నిలిపి ఊరకుండరాదు. వాని ప్రక్కన స్తంభములపై లేచిన తుఫాను భవనమును, ఉప్పెన నీరు ఎంత ఎత్తునకు లేచెనో తెలుపు గీటును ఉండవలెను. అందుకు అవనిగడ్డ తగిన చోటు. కమ్మ కట్టగల చేతులు దివిసీమలో ఇంకను కలవు. చేపలచెరువుల గట్లమీద కాపలాపాకలు కప్పుచున్నవారు వారే. ఆ పని తెలిసినవారిని పిలుచుటకు ఇదియే తరుణము.