గడప ఇవతల డాక్టరమ్మ

"అక్కడే ఉండండి దొరసానమ్మా, గడప దాటకండి!"

1884. గుంటూరులో ఓ అగ్రవర్ణ కుటుంబం ఇంటి వసారా. లోపలి చీకటి గదిలో కోడలు జ్వరంతో మూలుగుతోంది. గడప ఇవతల ఒక తెల్లజాతి యువతి నిలబడి ఉంది. ఆమె డాక్టరు. ఇంటి పెద్దావిడ మడి చీర కుచ్చెళ్లు దగ్గరగా పట్టుకుని ఓ అడుగు వెనక్కి జరిగింది.

"మందు ఆ నేలమీద పెట్టండి. మేం తీసుకుంటాంలెండి."

డాక్టరు వంగి సీసా కింద పెట్టి దూరం జరిగింది. నీళ్లు చిలకరించాక గానీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఈ సంభాషణ నేను అల్లినది. ఆనాడు ఆ వసారాలో ఎవరు ఏమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఆ తంతు మాత్రం కల్పన కాదు. ఆమె తాకితే మైల. ఆమె ముట్టిన వస్తువుకు శుద్ధి కావాలి. మందు చేతికి అందించకూడదు, నేలమీద పెట్టాలి. పై కులాల ఇళ్లలో ఆ కొత్త డాక్టరుకు ఎదురైన మర్యాద ఇదే.

ఆమె పేరు అన్నా సారా కుగ్లర్. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో 1856లో పుట్టింది. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకుంది. నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో మంచి ఉద్యోగం. ఆడవాళ్ల విభాగానికి అధిపతి కూడా మహిళే, డాక్టర్ ఆలిస్ బెన్నెట్. ఆ రోజుల్లో ఆడ డాక్టరుకు అంతకు మించిన చోటు దొరకడం కష్టం. అలాంటి సమయంలో ఇండియాలో పనిచేసే రో అనే లూథరన్ మిషనరీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడి ఆడవాళ్లకు ఆడ డాక్టరు కావాలని దాని సారాంశం. మగ వైద్యుడికి చెయ్యి కూడా చూపించని ఇళ్లవి. పురుడైనా, ప్రాణం మీదికొచ్చినా మంత్రసానే దిక్కు.

వస్తానని ఆమె లూథరన్ మహిళా మిషనరీ సంఘానికి దరఖాస్తు పెట్టుకుంది. సంఘం ఒప్పుకుంది, కానీ డాక్టరుగా కాదు! వైద్య సేవ మొదలుపెట్టడానికి ఇంకా సిద్ధంగా లేమని చెప్పి, బడులూ జెనానా పనీ చూసుకోమంది. జెనానా పని అంటే పరదా చాటు ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి చదువూ బైబిలూ చెప్పడం. మొత్తానికి వైద్యం చదివిన మనిషిని పంతులమ్మగా ఓడ ఎక్కించారు.

1883 ఆగస్టులో ఆమె బయలుదేరింది. సరిగ్గా ఆ ఏడాదే ఆనందీబాయి జోషి అనే మరాఠీ అమ్మాయి కలకత్తాలో ఓడెక్కి అమెరికా చేరి, కుగ్లర్ చదివిన ఆ ఫిలడెల్ఫియా కళాశాలలోనే వైద్య విద్యార్థినిగా అడుగుపెట్టింది. ఇక్కడి ఆడపిల్ల వైద్యం నేర్చుకోవడానికి అటు వెళితే, అక్కడ నేర్చుకున్నామె ఇటు వచ్చింది. కథలో ఇలా రాస్తే అతుకులబొంతలా ఉందని సంపాదకులు కొట్టేస్తారు.

నవంబరు 29న కుగ్లర్ గుంటూరు చేరింది. అప్పటికి గుంటూరు జిల్లా లేదు, ఊరు కృష్ణా జిల్లాలో భాగం. రైలు కూడా ఇంకా రాలేదు. 1842లో ఫాదర్ హేయర్ ఇక్కడ మొదలుపెట్టిన లూథరన్ మిషన్‌కు మాత్రం నలభై ఏళ్లు దాటాయి. కాబట్టి తెల్లవాళ్లు ఊరికి కొత్త కాదు. తెల్ల డాక్టరమ్మ కొత్త.

నవంబరు చివర అంటే గుంటూరు తన అసలు రూపం చూపించని కాలం. చల్లటి పొద్దులు చూసి "ఫరవాలేదు" అనుకుని ఉంటుంది పాపం. రోహిణి కార్తె ఎండ రుచి చూడటానికి ఆరు నెలలు ఆగాలి.

ఎండ కంటే పెద్ద పరీక్ష భాష. ఆ కాలంలో తెలుగు దేశానికి వచ్చిన దొరలకు బ్రౌన్ నిఘంటువు, 1873లో వచ్చిన ఆర్డెన్ వ్యాకరణం, గుణింతాలు దిద్దించే మునిషీ, ఇవే ఆసరా. మునిషీలు నేర్పేది పుస్తకాల తెలుగు. రోగం పుస్తకాల తెలుగులో మాట్లాడుతుందా? "కడుపులో దేవుతోందమ్మా", "నడుము లాగేస్తోంది", "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి". నీళ్లోసుకుందంటే స్నానం చేసిందని కాదు, కడుపుతో ఉందని. అమ్మవారు పోసిందంటే మశూచి. ఇవన్నీ తెలియకుండా డాక్టరు నాడి పట్టుకుని ఏం లాభం? అసలు పట్టుకోనిస్తే కదా!

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె వచ్చింది మత ప్రచారానికి కూడా. ఆమె ఆ సంగతి దాచలేదు, ఊరికీ తెలుసు. మందు సీసా వెనక బైబిలు ఉందని పెద్దలు అనుమానించారంటే ఆ అనుమానంలో అబద్ధం లేదు. కానీ ఆ కారణంగా లోపలి గదిలో కోడలి జ్వరం ఆగలేదు. మడి, అనుమానం, ప్రాణభయం మూడూ ఒకే వసారాలో నిలబడితే, చివరికి కబురు పెట్టించింది ప్రాణభయమే.

బడి పని ఒకవైపు సాగుతూనే ఉంది. మరోవైపు, సంఘం అప్పగించని పనికి జనం రావడం మొదలైంది. మొదటి ఏడాదిలో ఆమె ఇళ్లకు వెళ్లి చూసిన రోగులు 185 మంది. తానుండే జెనానా గృహానికే వచ్చి చూపించుకున్నవాళ్లు 276 మంది. ఆసుపత్రి లేదు, డాక్టరన్న హోదా లేదు. అయినా నాలుగు వందల అరవై మందికి పైగా!

కొత్త ఊళ్లో కుదురుకోవడమంటే తిండికీ, నీళ్లకీ, ఎండకీ అలవాటు పడటమని మనం అనుకుంటాం. దుబాయి వెళ్లినా డాలస్ వెళ్లినా మన పిల్లలకు మనం చెప్పేది అదే. కుగ్లర్ విషయంలో అవన్నీ చిన్న సంగతులు. పంపినవాళ్లు "నువ్వు డాక్టరువి కావు" అన్నారు, వచ్చిన ఊరు "నువ్వు ముట్టుకోకూడదు" అంది. ఆమె సంఘంతో తెగతెంపులు చేసుకోలేదు, ఊరిమీద అలిగి ఓడెక్కనూ లేదు. చెప్పిన పని చేస్తూనే, గడప ఇవతల నిలబడే వైద్యం చేసింది. నన్నడిగితే, సహనం అని పొగిడి ఊరుకోవడం తక్కువే అవుతుంది. అందులో మొండితనం పాలు చాలా ఉంది.

ఆ రోగుల లెక్కల ముందు సంఘం దిగిరాక తప్పలేదు. 1885 డిసెంబరులో ఆమెను అధికారికంగా వైద్య మిషనరీగా నియమించారు. ఊళ్లోకి వచ్చిన రెండేళ్ల తర్వాత, తాను ఆరేళ్ల కిందటే సంపాదించుకున్న హోదా ఆమెకు దక్కింది.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. మందుల దుకాణంలా మొదలైన డిస్పెన్సరీ, సెలవుపై అమెరికా వెళ్లి పోగేసుకొచ్చిన విరాళాలు, ఊరి అంచున పద్దెనిమిది ఎకరాల స్థలం, 1898 జూన్ 23న ఆసుపత్రి ప్రారంభం. 1905లో కైజర్-ఇ-హింద్ పతకం. భార్యకు వైద్యం చేసిందన్న కృతజ్ఞతతో ఏలూరు రాజా భుజంగరావు, రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి ఎదురుగా సత్రం కట్టించాడు.

1930 జులై 26న ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. ఆ ఆసుపత్రిని ఊరి జనం ఇవాళ్టికీ కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు.