కందెన కథ: ముసలి ఇంజనుకు సీసా మందు

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మనకొక సామెత ఉంది. ఎద్దుబండి ఇరుసు ఎండిపోతే కీచుమని అరుస్తుంది. ఆముదంలో గడ్డి మసి కలిపి నూరిన కందెనను ఇరుసుకు పట్టిస్తే ఆ అరుపు ఆగుతుంది. సామెతలో వేళాకోళం ఉన్నమాట నిజమే కానీ, దాని అడుగున ఒక యంత్ర సూత్రం కూడా ఉంది. యంత్రం తన బాధను చప్పుడుతోనో, వేడితోనో, పొగతోనో చెప్పుకుంటుంది. ఆ సంగీతం ఆగడానికి రెండు దారులున్నాయి: బాధను తీర్చడం ఒకటి, నోరు నొక్కడం రెండోది. మోటారు కార్ల యుగంలో ఈ రెండో దారి పెద్ద వ్యాపారంగా ఎదిగింది. వయసు మళ్ళిన ఇంజనులో పోసే "ఆయిల్ ట్రీట్‌మెంట్" సీసాల చరిత్ర అదే.

ఈ చరిత్రకు కూడా ఆముదమే నాంది. 1899లో చార్లెస్ చీర్స్ వేక్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయుడు లండన్‌లో కందెన నూనెల కంపెనీ పెట్టాడు. మోటార్లూ విమానాలూ వచ్చాక వాటికోసం ఆముదం కలిపిన నూనెను తయారుచేయించి, 1909లో దానికి ఆముదపు ఆంగ్లనామం మీదుగా క్యాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధకాలపు రోటరీ విమాన ఇంజన్లలోనూ ఆముదమే కందెన. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలలో పండే పంటకూ, ఊరూరా ఆయిల్ దుకాణాల మీద కనిపించే ఆ పేరుకూ చుట్టరికం ఈవిధంగా కలిసింది. అయితే ఆముదానికి ఒక దోషముంది. ఇంజను వేడికి అది జిగురుకట్టి, లోపలి భాగాలకు అంటుకుపోతుంది. అందువల్ల కార్లలో క్రమంగా ఖనిజతైలమే నిలదొక్కుకుంది.

ఖనిజతైలం కూడా ఒంటరిగా సరిపోలేదు. 1930ల నడుమ కాటర్‌పిల్లర్ డీజిలు ఇంజన్లలో మసి పేరుకుని పిస్టన్ రింగులు బిగుసుకుపోసాగాయి. ఆ మసిని కడిగి తనలో కలుపుకొనే ద్రవ్యాలను నూనెలో చేర్చడం అప్పుడు మొదలైంది. 1940లలో జింకు, భాస్వరం, గంధకం కలిసిన జెడ్‌డీడీపీ అనే రసాయనం వచ్చింది. బేరింగులు తినివేయబడకుండా కాపాడడానికి దానిని వాడారు. తరువాత అంతకన్నా గొప్ప గుణం ఒకటి దానిలో బయటపడింది. లోహం లోహాన్ని ఒరుసుకునే చోట, ఆ వేడికీ ఒత్తిడికీ అది ఒక పలుచని పొరగా మారి, లోహానికి బదులు తాను అరుగుతుంది. 1947లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇంజను నూనెలను మూడు తరగతులుగా విభజించినప్పుడు, వాటిలో రెండింటికి ప్రాతిపదిక ఈ చేర్పు ద్రవ్యాలే. ఇది గుర్తుంచుకోదగ్గ విషయం. విడిగా సీసాలో అమ్మే మందు బజారును ఏలడం మొదలుపెట్టేనాటికే, అవసరమైన మందులు నూనె డబ్బాలో చేరి ఉన్నాయి.

ఇక అసలు కథ. 1953లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ జోసెఫ్ పట్టణంలో ముగ్గురు వ్యాపారులు మూడువేల డాలర్ల పెట్టుబడితో ఎస్‌టీపీ అనే సరుకును మొదలుపెట్టారు. "శాస్త్రీయంగా శుద్ధిచేసిన పెట్రోలియం" అనే అర్థం వచ్చే మూడు ఆంగ్లపదాల తొలి అక్షరాలవి. 1961లో స్టూడ్‌బేకర్-ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ దీనిని కొనుక్కుంది. విధివైచిత్రి ఏమంటే, స్టూడ్‌బేకర్ కార్ల తయారీ 1966లో శాశ్వతంగా ఆగిపోయింది కానీ సీసా మాత్రం బతికింది. కారుకన్నా కారు మందుకు ఆయుష్షు ఎక్కువైంది!

ఆ ఆయుష్షు పోసినవాడు ఆండీ గ్రానటెల్లి. 1963లో ఎస్‌టీపీ పగ్గాలు చేతికి రాగానే అతడు ఇండియానాపొలిస్ పందేలను తన ప్రచార వేదికగా మార్చుకున్నాడు. కార్ల మీదా, దుస్తుల మీదా, పిల్లల సైకిళ్ళ మీదా ఎర్రని కోడిగుడ్డు ఆకారపు స్టిక్కరే. టీవీ ప్రకటనలో స్క్రూడ్రైవరు కొనను ఎస్‌టీపీలో ముంచి, వేళ్ళతో పట్టుకోమనేవారు. అది జారిపోయేది. చూసేవాడికి ఇంకేం రుజువు కావాలి? అయితే వేళ్ళ మధ్య జారడం వేరు, ఇంజను బేరింగులో తిరగడం వేరు. ఆముదంలో ముంచినా ఆ స్క్రూడ్రైవరు జారేదే. 1967లో గ్రానటెల్లి దింపిన టర్బైను కారు పందెమంతా ముందుండి, చివరి కొద్ది చుట్లలో గేరుపెట్టెలోని ఒక చిన్న బేరింగు విరిగి ఆగిపోయింది. 1969లో మారియో ఆండ్రెట్టి ఎస్‌టీపీ కారులో గెలిచి ఆ లోటు తీర్చాడు. ఆ గెలుపు డ్రైవరుదీ, ఇంజనుదీ. పేరు మాత్రం సీసాకు దక్కింది.

ఇంతకూ సీసాలో ఉన్నదేమిటి? ప్రధానంగా పాలీఐసోబ్యూటిలీన్ అనే పొడవాటి అణువుల పదార్థం. దాని పని నూనెను చిక్కబరచడం. తోడుగా కొంత జెడ్‌డీడీపీ. పనిచేయని మందు కాదది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముసలి ఇంజనులో రింగులు అరిగి, సిలిండరు గోడకూ వాటికీ మధ్య సందు పెరుగుతుంది. వాల్వుల కాడలకు తొడిగిన రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి. రెండు వైపుల నుంచీ ఆయిలు మంట గదిలోకి చేరి కాలిపోతుంది. సైలెన్సరులోంచి నీలిపొగ వస్తుంది. బేరింగులు అరగడంతో ఆయిలు ఒత్తిడి పడిపోయి, లోపల టకటకమనే చప్పుడు మొదలవుతుంది. ఇప్పుడు నూనె చిక్కబడిందనుకోండి, సందుల్లోంచి తక్కువగా జారుతుంది. పొగ పలచబడుతుంది, ముల్లు పైకి లేస్తుంది, చప్పుడు సద్దుమణుగుతుంది. యజమాని మనసు కుదుటపడుతుంది. కానీ అరిగిన లోహం ఒక్క వెంట్రుకవాసి కూడా తిరిగి పెరగలేదు. పైగా చలి ఉదయాన ఇంజను స్టార్టయిన వెంటనే, చిక్కని నూనె పైనున్న కామ్‌షాఫ్టు దాకా చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది సరిగ్గా ఆ క్షణాలలోనే. జ్వరం తగ్గిందని చెప్పడానికి థర్మామీటరును చన్నీళ్ళలో ముంచినట్టుంటుంది ఈ వైద్యం.

1971 జులైలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఈ మాటనే బయటపెట్టింది: ఇది నూనెను చిక్కబరిచేదే తప్ప మరేమీ కాదని. 1976లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆధారంలేని గొప్పలు చెప్పరాదని కంపెనీని కట్టడి చేసింది. 1978లో ఏడు లక్షల డాలర్ల పరిష్కారం కుదిరింది. అందులో రెండు లక్షలు, పాత ప్రకటనల సంగతిని పత్రికలలో ప్రజలకు తెలియజేయడానికే ఖర్చుపెట్టవలసివచ్చింది. తమ డబ్బుతో తామే తమ గొప్పలను దించుకోవలసిన అరుదైన శిక్ష! అయినా 1995లో, 1976 నాటి ఉత్తర్వును మీరారన్న ఆరోపణపై మరో 8,88,000 డాలర్లు కట్టారు.

ఈలోగా రంగం మీదికి టెఫ్లాన్ వచ్చింది. 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న ఈ పదార్థం పెనానికి అట్టు అంటుకోనివ్వదని అందరికీ తెలుసు. ఆ ఎరుకనే పెట్టుబడిగా, ఇంజను లోపల కూడా అలాంటి పూత పడుతుందని స్లిక్ 50 వంటి సరుకులు నమ్మబలికాయి. ఆ పూత మాటా, అరుగుదల తగ్గుతుందన్న మాటా నిజం కావని 1996లో కమిషన్ ఆరోపించింది. సరైన నూనె వాడితే చాలా ఇంజన్లకు స్టార్టింగులో ఆ రక్షణ ఎలాగూ ఉంటుందని చెప్పింది. 1997లో కోటి డాలర్ల స్థాయిలో రాజీ కుదిరింది.

మన సంగతికొస్తే, 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడరు ఈ ముసలితనపు పాఠాలన్నీ మన మెకానిక్కులకు నేర్పింది. బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించడం అసలు వైద్యం. దానికి ఖర్చుంది, రోజులు పడతాయి. అమ్మదలచినవాడికి అంత ఓపిక ఉండదు. చిక్కని ఆయిలో, ఒక సీసా మందో పోస్తే బేరం కుదిరేదాకా పొగ దాగుతుంది. మూల్యం చెల్లించేది రెండో యజమాని. అతడు చాలాసార్లు అప్పుచేసి, ట్యాక్సీ నడిపి పిల్లలను చదివించుకుందామని బండి కొన్నవాడు. సీసా చరిత్రలో అమెరికా జరిమానాల లెక్క దొరుకుతుంది కానీ, ఇటువంటి వాళ్ళ లెక్క ఏ దస్త్రంలోనూ ఉండదు.

న్యాయంగా రెండో పక్షం కూడా చెప్పాలి. భాస్వరం క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది కనుక, 2004 నాటి ఏపీఐ ఎస్ఎం ప్రమాణం పలుచని గ్రేడ్లలో దానిని 0.08 శాతానికి పరిమితం చేసింది. పాత అంబాసిడరు ఇంజనులో కామ్ మీద ఒరుసుకుంటూ కదిలే ట్యాపెట్లకు ఆ రక్షణ కావాలి. అటువంటి బండికి జింకు తగినంత ఉన్న నూనెను వెతికి పోయడం మూఢనమ్మకం కాదు. అలాగే గట్టిపడిన సీళ్ళను మెత్తబరిచే ద్రవ్యాలు నిజంగానే కొంత మేలు చేస్తాయి. 2000లో వాల్వొలిన్ కంపెనీ వాటిని చేర్చి, ఎక్కువ దూరం తిరిగిన కార్లకోసమే మ్యాక్స్‌లైఫ్ అనే నూనెను విడుదల చేసింది. రుజువైన మందు చివరికి నూనె డబ్బాలోకే చేరుతుందన్నది ఈ చరిత్ర చెప్పే నీతి. విడి సీసాలో మిగిలేది చాలావరకు ఆశ.

కాబట్టి ముసలి బండి ఉన్నవారు ముందు దాని సంగీతం వినడం మంచిది. నీలిపొగ నూనెది, నల్లపొగ మితిమీరిన పెట్రోలుది, ఆగకుండా వచ్చే తెల్లపొగ రేడియేటరు నీటిది. వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిలు తాగుతోందో రాసిపెట్టుకుని, ఒకసారి కంప్రెషన్ చూపిస్తే రోగం రింగులదో, సీళ్ళదో తేలుతుంది. ఆ తరువాత మందు సంగతి. బాగుచేయించే స్తోమత లేక చిక్కని ఆయిలుతో మరో ఏడాది నెట్టుకురావడం తప్పేమీ కాదు, అది వాయిదా అని తెలిసి చేస్తే. ఆ వాయిదాను మరమ్మతని చెప్పి మరొకరికి అంటగట్టడమే తప్పు.

అన్నట్టు, బండి కందెనను మీ ప్రాంతంలో ఏమనేవారో, ఆముదంలో ఇంకేమి కలిపేవారో తెలిసిన చదువరులు చెప్పగలరు. ఆ వివరాలు తెలిసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.