వివాది: అపశ్రుతి కాని వైరం

జాతరలో తొక్కిసలాట జరిగినా, నిమజ్జనంలో ఎవరైనా మునిగిపోయినా తెలుగు పత్రికలు పెట్టే శీర్షిక ‘అపశ్రుతి’. సంగీతం నుంచి వచ్చిన ఈ మాట వాడుకలో దుర్ఘటనకు మారుపేరైంది. అయితే స్వరాల మధ్య పొసగనితనానికి శాస్త్రం పెట్టిన పేరు ఇది కాదు, ‘వివాది’.

‘వద్’ ధాతువుకు పలకడమని అర్థం. ‘సమ్’ చేరితే సంవాదం, ‘వి’ చేరితే వివాదం. ఋగ్వేదంలోని పురూరవ ఊర్వశుల సూక్తాన్ని (10.95) సంవాదసూక్తమంటారు. అందులో ఊర్వశి తిరిగి రానని తెగేసి చెబుతుంది కనుక, సంవాదమంటే ఏకాభిప్రాయమనుకోనక్కర్లేదు. ధర్మశాస్త్రాల్లో వివాదమంటే మాత్రం తీర్పు కోరే తగవే.

భరతుడు నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో స్వరాలను వాది, సంవాది, అనువాది, వివాది అని నాలుగు విధాలుగా చెప్పాడు. తొమ్మిది లేదా పదమూడు శ్రుతుల (సూక్ష్మ స్వరాంతరాల) ఎడమున్నవి సంవాదులు, రెండు శ్రుతుల ఎడమున్నవి వివాదులు. షడ్జగ్రామంలో ఋషభ గాంధారాలు, ధైవత నిషాదాలు అలాంటి జంటలు. 13వ శతాబ్దిలో సంగీతశాస్త్రకారుడు శార్ఙ్గదేవుడు వాదిని రాజుతో, సంవాదిని మంత్రితో, అనువాదిని భృత్యుడితో, వివాదిని శత్రువుతో పోల్చాడు. శత్రుత్వానికి ఇద్దరుండాలి. ఈ పదంలోని అసలు సూక్ష్మం ఇదే. అపస్వరం గాయకుడి తప్పు. వివాదిత్వం ఏ ఒక్క స్వరానిదీ కాదు, రెండింటి నడుమ ఉన్న సంబంధానిది. గాంధారం పక్కన లేనిదే ఋషభం వివాది కాదు.

17వ శతాబ్దిలో వేంకటమఖి 72 మేళాల (జనకరాగాల) పథకం వేసినప్పుడు పన్నెండు స్వరస్థానాలకు పదహారు పేర్లు వాడాడు. శుద్ధ గాంధారం చతుశ్శ్రుతి ఋషభం చోటే కూర్చుంటుంది, షట్‌శ్రుతి ఋషభం సాధారణ గాంధారం చోటుకు ఎక్కుతుంది. ధైవత నిషాదాలదీ ఇదే వరస. ఇలాంటి వివాది స్వరాలున్న మేళాలు 40. లెక్క మారినా తగవు మాత్రం భరతుడు చూపిన జంటల మధ్యనే ఉండిపోయింది. ఇది కేవలం కాకతాళీయమని నేననుకోను.

‘వివాది దోషం’ అన్న పలుకుబడితో ఈ మేళాలకు కీడు అంటగట్టారు. వరాళి రాగాన్ని గురువు నేరుగా నేర్పితే గురుశిష్యులకు చెడుతుందన్న నమ్మకం నేటికీ వినబడుతుంది. స్వరాల తగవు మనుషులకు పాకుతుందన్నమాట! కానీ త్యాగరాజు పంచరత్న కృతుల్లోని నాట, వరాళి రెండూ వివాది స్వరాలున్న రాగాలే. కాబట్టి ‘దోషం’ అన్న మాటను శాస్త్రనిషేధంగా చదవడం పొరపాటు. ఆ జంటను పక్కపక్కన పలికించడంలోని కష్టానికి పెట్టిన పేరుగా చదవాలి. నాటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ నలభైనీ వదలకుండా మొత్తం 72 మేళాల్లోనూ కృతులు రచించారు. అవి ‘జనకరాగ కృతిమంజరి’ పేరుతో 1952లో అచ్చయ్యాయి.