ఆల్బమ్‌లో పెర్‌ఫ్యూమ్ ఉంది, అమ్మమ్మ భరిణ లేదు

ఈరోజు ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

మా అక్క పెళ్ళి ఇక్కడే, గాజువాకలో జరిగింది. వారం ముందు ఫొటోగ్రాఫర్ వాట్సాప్‌లో లిస్ట్ పంపాడు. డీటెయిల్ షాట్స్ తీయాలి, ఇవన్నీ ఒక దగ్గర పెట్టి ఉంచండి అని. ఉంగరం, చెప్పులు, పెర్‌ఫ్యూమ్, వాచీ, శుభలేఖ. నేను అప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. లిస్ట్ ఇస్తే టిక్కులు పెట్టుకుంటూ పోవడం అలవాటు కదా! అన్నీ సర్దేశాను. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

అమ్మమ్మ తన పెళ్ళినాటి కుంకుమ భరిణ తెచ్చింది. అక్కకి బొట్టు అందులోంచే పెట్టారు. రాత్రి మండపం ఖాళీ చేస్తూ సామాన్లు మూడు కార్లలో సర్దేశాం. ఆ తర్వాత భరిణ ఏ సంచిలోనూ దొరకలేదు. మరుసటి ఏడాది అమ్మమ్మ పోయింది. ఆల్బమ్ మొత్తం వెతికాను. పెర్‌ఫ్యూమ్ సీసా నాలుగు యాంగిల్స్‌లో ఉంది. భరిణ మాత్రం ఒక్క ఫొటోలో, అమ్మ చేతి వెనక, సగం మూత కనిపిస్తుంది. అంతే.

ఆ సగం మూత ఏంటో తెలుసుకుందామనే ఈ ఎపిసోడ్. అది ఏటికొప్పాక లక్క పని. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ భరిణలు అంతకు ఎంతో ముందు నుంచే మన పెళ్ళిళ్ళలో ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలోనే ఏనుగు దంతం అతికిన నగల పెట్టెలు చేసేవారు. దంతం మీద గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవారు. ఈస్టిండియా కంపెనీ దొరలు వాటిని కొనుక్కుని ఇంగ్లండ్ పట్టుకెళ్ళారు. ఈరోజు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ దంతపు పని ఉంది. ఒక్కోదానికి నంబరు, కొలతలు, ఫొటో. దొరల పెట్టెకి రికార్డు ఉంది. మన భరిణకి లేదు. ఎందుకంటే మన పెద్దవాళ్ళ పెళ్ళినాటికి పెద్ద రోల్ ఫిల్ములో చదరపు ఫొటోలు పన్నెండే వచ్చేవి. మనుషులకే చాలేది కాదు, ఇంక వస్తువులకి ఎక్కడ?

ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. అందుకే లిస్ట్ మనమే రాసుకుందాం. బాసికాలు, మధుపర్కాలు, మెట్టెలు, అమ్మమ్మ ఇచ్చిన వస్తువు ఏదైనా. బాసికాలు పెళ్ళయ్యాక చెదిరిపోతాయి, కాబట్టి వాటి ఫొటో ముందే తీయించండి. పుస్తెలు మాత్రం పెద్దల్ని అడక్కుండా ముట్టుకోవద్దు. ముహూర్తానికి ముందు పళ్ళెంలో పెట్టి అందరి దగ్గరికీ ఆశీర్వాదానికి తిప్పుతారు కదా, అప్పుడు దగ్గరగా తీసుకోవచ్చు.

పాత నగ ఉంటే వెనక వైపు కూడా తీయండి. వెనక కూడా చరిత్ర ఉంటుందండి. చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ కాలంలో, కొత్త నగ 14 క్యారెట్లు మించకూడదని నిబంధన వచ్చింది. ఎంతోమంది కంసాలులకు పని పోయింది. 1968లో వచ్చిన బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా ఉంది. ఈరోజు కొన్న హాల్‌మార్క్ నగ మీదైతే ఆరు అక్షరాలూ అంకెల కోడ్ ఉంటుంది. దాన్ని క్లోజప్‌లో తీస్తే యాభై ఏళ్ళ తర్వాత మీ మనవరాలికి అదే ఆధారం.

ఇంకో ముఖ్యమైన విషయం. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పెర్‌ఫ్యూమ్‌లో ఉండేది అదే. శానిటైజర్‌లో కూడా. కాబట్టి ఫొటో అందంగా ఉంటుందని భరిణ పక్కనే పెర్‌ఫ్యూమ్ సీసా పెట్టి స్ప్రే కొట్టకండి. మూసిన కారులో ఎండకి వదిలేయకండి, వేడికి లక్క మెత్తబడుతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. అరిగిన చోటు అలాగే ఉండనివ్వండి. అక్కడ పడింది మీ అమ్మమ్మ బొటనవేలే కదా.

ఫొటోలు అయ్యాక అన్నీ ఒకే పెట్టెలో పెట్టి, ఆ పెట్టె ఎవరి బాధ్యతో పేరు రాయండి. మేం చెయ్యనిది అదే. ఫొటో కింద ఆ వస్తువు ఎవరిది, ఎవరు ఇచ్చారు అని ఒక్క లైను రాసి పెట్టండి.

మొన్న మా అక్క ఫోన్ చేసి, భరిణ అడుగున ఏదో గీసి ఉండేదిరా, నీకు గుర్తుందా అని అడిగింది. నాకు గుర్తులేదు. మీ ఇంట్లో అమ్మమ్మ ఉంటే, ఈరోజే అడిగి ఒక ఫొటో తీసేయండి. ఉంటానండీ, మళ్ళీ కలుద్దాం.