రాజీకి 14 రోజులు

బర్మింగ్‌హామ్, సెల్లీ ఓక్. యూనివర్సిటీ పిల్లలు అద్దెకుండే వరస ఇళ్లలో ఒకటి. రాత్రి తొమ్మిదయింది. స్టవ్ మీద కుక్కర్ రెండో విజిల్ వేసింది. పప్పు డబ్బా పక్కకు నెట్టి ఖమ్మం అమ్మాయి టేబుల్ మీద ఉత్తరం పరిచింది. పైన రైలు కంపెనీ ప్రాసిక్యూషన్ విభాగం పేరు, కేసు నంబరు. అడుగున ఒక మొత్తం: 258.20 పౌండ్లు. 14 రోజుల్లో కడితే కోర్టుకు వెళ్లం అంటున్నారు.

"ముప్పై వేలక్కా," అంటోంది. ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయినా రూపాయల్లోకి మార్చుకునే అలవాటు పోదు. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని. కనీస వేతనం లెక్కన వారం జీతమంతా పెట్టినా ఇంకా కొంత తక్కువే పడుతుంది.

అక్క అంటే సొంత అక్క కాదు. తెనాలి ఆవిడ, పై గదిలో ఉంటుంది, జీతాల లెక్కలు చూసే ఆఫీసులో ఉద్యోగం. చేతులు తుడుచుకుని కూర్చుంది. అందరూ పైనుంచి చదివే కాగితాన్ని ఆవిడ అంకెల దగ్గర మొదలుపెట్టింది.

జరిగింది చిన్న సంగతే. 16-25 రైల్‌కార్డు ఉంటే టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. ఏడాదికి 35 పౌండ్లు. ఈ అమ్మాయి కార్డు గడువు అయిపోయింది. టికెట్లు కొనే ఆప్‌లో మాత్రం 'రైల్‌కార్డు ఉంది' అన్న టిక్ అలాగే ఉండిపోయింది. కార్డు బతికుందా లేదా అని ఆ ఆప్ చూడలేదు, తగ్గించి అమ్మేసింది. లండన్ రైల్లో ఇన్‌స్పెక్టర్ టికెట్ స్కాన్ చేసి, కార్డు చూపించమన్నాడు. ఫోన్లో కార్డు తెరిస్తే గడువు ముగిసిందని వచ్చింది. ఆయన పేరు, అడ్రసు, పుట్టిన తేదీ రాసుకుని వెళ్లిపోయాడు. కొన్ని వారాలకు సంజాయిషీ అడుగుతూ ఒక ఉత్తరం వచ్చింది. ఇప్పుడిది రెండోది.

"ఒక్క ప్రయాణానికి ఇంత కాదే," అంటూ అక్క పేజీ తిప్పింది. వెనక ఒక పట్టిక ఉంది. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, పూర్తి ఛార్జీ. ఆరు వరసలు.

అమ్మాయి మొహం పాలిపోయింది. పట్టుబడింది ఒక్కసారే. మిగతా ఐదూ టికెట్ అమ్మిన సంస్థ దగ్గర నుంచి తెప్పించుకున్నారు. ఇలా పాత కొనుగోళ్లు తవ్వి తీయడం ఇక్కడి కంపెనీలకు మామూలే.

అక్క ఫోన్లో లెక్క కట్టింది. ఆరు ప్రయాణాల పూర్తి ఛార్జీ 148.20. కేసు ఖర్చుల కింద 110. తగ్గింపు వల్ల ఈ అమ్మాయికి మిగిలింది 49.40. "నువ్వు కట్టిన 98.80 అసలు లెక్కలోకే తీసుకోలేదు. చెల్లని టికెట్ అంటే టికెట్టే లేనట్టు, అదీ వీళ్ల లెక్క."

ఇంతలో హైదరాబాద్ కుర్రాడు మజ్జిగ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. "కట్టకు. 74 వేల కేసులు కొట్టేసిండ్రు, తెల్వదా?"

వాడు చెప్పింది నిజమే, కానీ సగమే. 2024 ఆగస్టులో వెస్ట్‌మినిస్టర్ మేజిస్ట్రేట్ కోర్టులో చీఫ్ మేజిస్ట్రేట్ పాల్ గోల్డ్‌స్ప్రింగ్ ఇచ్చిన తీర్పు అది. 1889 నాటి రైల్వే చట్టం కింద పెట్టిన కేసులను నిందితుడు హాజరు కాకుండానే ఒక్క మేజిస్ట్రేటే గదిలో కూర్చుని తేల్చే పద్ధతిలో నడిపారు. ఆ చట్టానికి ఆ పద్ధతి వర్తించదు కాబట్టి ఆ కేసులు చెల్లవన్నారు. మామూలు కోర్టుకు పిలిచి అదే చట్టం కింద కేసు పెట్టడానికి ఏ అడ్డూ లేదు.

"అప్పుడు తప్పింది పద్ధతి," అంది అక్క. "నీ కార్డు గడువు తీరిందన్నది అలాగే ఉంటుంది."

కేసు పెట్టడానికి కంపెనీకి దారులు రెండు. రైల్వే బైలా 18 కింద పెడితే కావాలని చేశావా అన్న ప్రశ్నే రాదు. చెల్లే టికెట్ లేదంటే చాలు, వెయ్యి పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. 1889 చట్టం కింద పెడితే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని వాళ్లు రుజువు చేయాలి. రుజువైతే జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, పోలీసు రికార్డులో పేరు. ఆరు వరసల పట్టిక పనికొచ్చేది ఈ రెండో దారికే. ఒకసారి మరిచిపోయానంటే ఎవరైనా నమ్ముతారు, ఆరోసారి జవాబు చెప్పడం కష్టం. కేసు పెట్టడానికి ప్రయాణం నాటి నుంచి ఆరు నెలలు గడువుంది. అప్పటిదాకా నోరు మెదపకుండా కూర్చుంటే పోతుందనుకోవడం జూదం. రాజీకి ఒప్పుకుని తీరాలని కంపెనీకి నిర్బంధమేమీ లేదు.

అమ్మాయి లాప్‌టాప్ తెరిచి రాయడం మొదలుపెట్టింది. గౌరవనీయులైన అయ్యగారికి, నేను పేద కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థిని, దయచేసి మన్నించి... స్కూల్లో హెడ్‌మాస్టరుకిచ్చే సెలవు చీటీలా సాగుతోంది.

"ఆపవే తల్లీ. అడుక్కోవడం వద్దు, పోట్లాట అసలే వద్దు."

మూడు పేరాలు చెరిపేశారు. ఆప్ తప్పు అన్న వాక్యం దగ్గర ఇద్దరూ కాసేపు ఆగారు. ఆప్ చూడకపోయినా, కార్డు ఉందని టిక్ పెట్టి ఉన్నది ఈ అమ్మాయి ఖాతాలోనే. అదీ పోయింది. చివరికి మిగిలినవి ఇవి. గడువు తీరిన సంగతి గమనించలేదు, జరిగినదానికి విచారిస్తున్నాను. కార్డు రెన్యూ చేసుకున్నాను, కాపీ జత చేశాను. మీ రాజీకి సిద్ధం, ఈ మొత్తం పట్టికలోని ఆరు ప్రయాణాలకూ చివరి పరిష్కారమేనని రాతపూర్వకంగా చెప్పండి. వీలైతే నేను ముందే కట్టిన ఛార్జీ మినహాయించండి.

"మినహాయిస్తారా?" కుర్రాడి అనుమానం.

"మినహాయించరనే అనుకుంటున్నా. అడిగితే పోయేదేముంది? ఆ ఆరింటి మాట మాత్రం వదలకూడదు."

నిజానికి ఈ దేశంలో ఈ కంపెనీల తీరు మీద గొడవ పెద్దదే. 2024లో ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక యువకుడి దగ్గర చెల్లే రైల్‌కార్డే ఉంది. ఉదయం పది లోపు ప్రయాణానికి కనీస ఛార్జీ 12 పౌండ్లన్న నిబంధన తెలియక కొన్న టికెట్లో తేడా 1.90 పౌండ్లు. దానికే కోర్టుకీడుస్తామన్నారు, పత్రికల్లో రచ్చయ్యాక వెనక్కి తగ్గారు. ప్రభుత్వం రైల్వే నియంత్రణ సంస్థతో విచారణ చేయించింది, 2025 జూన్‌లో నివేదిక వచ్చింది. కంపెనీకో తీరు ఉండకూడదని అందులో రాశారు. ఈ టేబుల్ మీదున్న కాగితానికి మాత్రం అదేమీ అక్కరకు రాదు.

మెయిల్ వెళ్లింది. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా జవాబొచ్చింది. పట్టికలోని ఆరింటికీ ఇదే పరిష్కారం, డబ్బు అందాక ఫైలు మూసేస్తాం. కట్టిన ఛార్జీ మాత్రం మినహాయించం.

అమ్మాయి కార్డు నంబరు కొట్టి 258.20 కట్టేసింది. "వీసా ఫారంలో శిక్ష పడిందా అని అడుగుతారు కదక్కా, ఇది రాయాలా?"

"ఇది శిక్ష కాదు, కోర్టు బయట రాజీ. అయినా ప్రతి ఫారంలో ప్రశ్న ఏమడిగిందో పూర్తిగా చదివి జవాబివ్వు. రసీదు, ఈ మెయిల్ రెండూ నాక్కూడా పంపు. నీ ఫోన్ పోయినా నా దగ్గరుంటాయి."